ఫ్యూజు ఎందుకు పోతుంది?



ఒక చలికాలం తెల్లవారుజామున మేము చదువుకుంటుండగా గదిలో లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. స్నానానికి నీళ్లు కాగబెట్టుకోవాలని మాలో ఒకరు బకెట్లో హీటరు పెట్టడంతో ఫ్యూజు పోయింది. పాత వైరులోంచి రాగి పోగులు లాగి, మెలిపెట్టి ఫ్యూజు క్యారియర్‌లో బిగించాం. లైట్లు వచ్చాయి. మా తెలివికి మేమే మురిసిపోయాం. నాలుగో రోజున స్విచ్‌బోర్డు నల్లబడి కాలిన వాసన వచ్చింది. వార్డెన్ గారు పరుగున వచ్చి మెయిన్ ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ విద్యుత్ పాఠాన్ని మేము బట్టీ పట్టామే తప్ప అర్థం చేసుకోలేదని ఆ రోజే తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

వలయం అంటే ఏమిటి?

ఘటం, తీగ, స్విచ్, బల్బు కలిసి ఎక్కడా తెగకుండా ఉన్న దారే వలయం. నీళ్ల ట్యాంకు ఎత్తుగా ఉంటే కుళాయిలో నీరు జోరుగా వస్తుంది. ఆ ఒత్తిడి వంటిదే వోల్టేజి. పైపు సన్నగా ఉంటే నీరు తగ్గినట్టు, నిరోధం పెరిగితే విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. జర్మనీలో తాళాలు చేసే కార్మికుడి కొడుకు, బడిపంతులు అయిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో దీనిని సూత్రంగా ప్రకటించాడు:

విద్యుత్ ప్రవాహం = వోల్టేజి ÷ నిరోధం

టార్చిలో రెండు ఘటాలకు 3 వోల్టులు. బల్బు నిరోధం 10 ఓమ్‌లైతే ప్రవాహం 0.3 ఆంపియర్లు.

శ్రేణి, సమాంతరం

వినాయక చవితి పందిరికి కట్టే పాతరకం సీరియల్ సెట్‌లో ఒక్క బల్బు పోతే ఆ వరుసంతా ఆరిపోతుంది. అది శ్రేణి సంధానం. మన గదిలో ఒక లైటు పోయినా ఫ్యాను తిరుగుతుంది. ఇది సమాంతర సంధానం. ఇందులో ప్రతి పరికరం తీసుకునే ప్రవాహం వచ్చి మెయిన్ తీగలో కలుస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

లెక్క చూద్దాం

40 వాట్ల ట్యూబులైట్లు రెండు, 60 వాట్ల ఫ్యాన్లు మూడు: మొత్తం 260 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 1.1 ఆంపియర్లు. 1500 వాట్ల హీటరు ఒక్కటే 6.5 ఆంపియర్లు లాగుతుంది. మొత్తం 7.6 దాటింది. 5 ఆంపియర్ల ఫ్యూజు కరగక ఏం చేస్తుంది?

ప్రవాహం రెట్టింపైతే తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది. ఫ్యూజు తీగ తాను కరిగి ఆ వేడిని ఆపుతుంది. దాని స్థానంలో మేము రాగి పోగులు పెట్టాం. అవి కరగలేదు, గోడలోని వైరు కాలింది!

ఇంకొక మాట. ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. ఆంపియరులో పదో వంతు గుండె గుండా పోయినా ప్రాణం పోవచ్చు. అంత చిన్న ప్రవాహానికి ఫ్యూజు కదలదు.

గుర్తుంచుకుందాం

1. ఫ్యూజు పోయినా, ఎం.సి.బి. పడిపోయినా ముందు కారణం వెతకాలి. బాగుచేసే పని ఎలక్ట్రీషియన్‌దే.
2. హీటరును చిన్న ప్లగ్గులో పెట్టరాదు. ప్లగ్గు తీయకుండా బకెట్లో చెయ్యి పెట్టరాదు.
3. ఎవరికైనా షాకు కొడితే వారిని పట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి.

ఆ నల్లబడిన స్విచ్‌బోర్డును మార్చేశారు. మేము మాత్రం దాన్ని మరిచిపోలేదు. తమ్ముళ్లారా, మీరు పాఠంతోనే నేర్చుకోండి.