ఇల్లు కాలిన తరువాత: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఇల్లు కాలిన సాయంత్రమే చుట్టాలంతా కలిసి బూడిదను ట్రాక్టరుకెత్తి ఊరి బయట పోసేశారు. ఆ ఇంటివాళ్లు చూసి ఏడుస్తుంటే తట్టుకోలేక చేసిన పని. అది తప్పని ఇప్పుడు కొందరు అంటున్నారు. నిజమేనా? (రొళ్ల)

జవాబు: తప్పే. జాలితో చేసినా నష్టం నష్టమే. పంచనామా పూర్తయ్యేదాకా కాలిన ఇంట్లో ఏ వస్తువూ కదపకూడదు. వీఆర్వో, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రాసుకునేది ఆ బూడిదనే. కాలిన బీరువా, వంకర తిరిగిన మంచం కోళ్లు, సగం మాడిన బియ్యం మూటలు కళ్లెదుట ఉంటే నష్టం నమోదవుతుంది. ఊడ్చిన నేల కనిపిస్తే నివేదికలో ఒక్క వాక్యం మిగులుతుంది.

మంట ఆరాక మొదటి పని ప్రాణరక్షణ. కరెంటు కనెక్షన్ తీసేశారని లైన్‌మన్ చెప్పేదాకా, అవసరమైతే 1912కు ఫోన్ చేసి తీయించేదాకా, ఎవరూ లోపలికి పోకూడదు. రాతి గోడలు, బండల కప్పు ఉన్న ఇళ్లలో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. మంట వేడికి బండ పొరలు పొరలుగా లేస్తుంది, నీళ్లు పడగానే నిలువునా చీలుతుంది. అయినా చాలాసార్లు ఉన్నచోటే నిలబడి ఉంటుంది. మర్నాడో, మూడో రోజో ఎవరో గోడకు ఆనుకున్నప్పుడు కూలుతుంది. కాబట్టి పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

ఆ తరువాత ఫొటోలు. ప్రతి గది నాలుగు మూలల నుంచీ, ప్రతి కాలిన వస్తువూ దగ్గర నుంచీ తీయాలి. ఇంటావిడను కూర్చోబెట్టి గది గదికీ ఏమేమి ఉండేవో అడిగి జాబితా రాయాలి. గిన్నెల దగ్గర నుంచి మిక్సీ దాకా మగవాళ్లకు సగం కూడా గుర్తుండవు. ఈ జాబితా ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు తగలబడినప్పుడు, బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం మర్నాడే ప్రకటించింది. బోటుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, విలువ కట్టడానికి ఆధారం ఉంటుంది. ఇంటి సామానుకు అలాంటి పుస్తకమేదీ ఉండదు. ఆ జాబితా, ఆ ఫొటోలే దానికి ఆధారం.

పంచనామా అయ్యాక కూడా బూడిదను జల్లెడ పట్టకుండా పారబోయకూడదు. బీరువా ఉన్న మూల, దేవుడి గూడు, పెట్టె పెట్టిన అటక కింద మొదట వెతకాలి. బంగారం కరగడానికి 1064 డిగ్రీల వేడి కావాలి. కరిగి ముద్దయినా అది బంగారమే.

ప్రశ్న: ప్రభుత్వం నుంచి ఎంత వస్తుంది? ఎవరి దగ్గరకు పోవాలి? (పెనుకొండ)

జవాబు: విపత్తు సహాయ నిధి ఖర్చు పెట్టదగిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, కరువులతో పాటు అగ్నిప్రమాదం కూడా ఉంది. 2022 నుంచి 2026 మార్చి వరకు నిర్ణయించిన రేట్ల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. బట్టలకు 2,500, వంట సామానుకు 2,500. ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షలు. ఆ తరువాతి రేట్లను తహసీల్దార్ కార్యాలయంలో అడిగి చూసుకోవాలి.

ఈ అంకెల్లో అందరూ చూడకుండా వదిలేసేది ఒకటుంది. పూర్తిగా కాలిన కచ్చా ఇంటికీ, గుడిసెకూ మధ్య తేడా లక్షా పన్నెండు వేలు. నిబంధనల ప్రకారం గుడిసె అంటే గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో తాత్కాలికంగా వేసుకున్నది. మట్టి గోడల మీద రేకులో పెంకులో వేసి పది, ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న ఇంటిని పంచనామాలో గుడిసె అని రాస్తే ఆ కుటుంబం నోటి దగ్గర కూడు తీసేసినట్టే. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని చదువొచ్చినవారెవరైనా పైకి చదివి వినిపించాలి. ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని కూడా చూపాలి కాబట్టి పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఇక్కడ చాలా విలువైన కాగితం. అది కాలిపోతే పంచాయతీ రిజిస్టరు నుంచి నకలు తీసుకోవచ్చు.

వరుస ఇది. 101కు ఫోన్ చేసి ఫైరింజన్‌ను పిలవడం, మంట తామే ఆర్పుకున్నా అగ్నిమాపక కేంద్రానికి తెలియజేసి ధ్రువపత్రం కోరడం, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోవడం, తహసీల్దార్‌కు రాతపూర్వక అర్జీ పెట్టి రసీదు తీసుకోవడం. అక్కడ కదలకపోతే సోమవారం జిల్లా కేంద్రం పుట్టపర్తిలోని కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలి. నోటిమాటకు ఏ ఆఫీసులోనూ నంబరు పడదు.

ప్రశ్న: ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, ఇంటి పత్రాలు అన్నీ కాలిపోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? (రొళ్ల మండలం)

జవాబు: ఆధార్‌తో మొదలుపెట్టాలి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. నంబరు గుర్తులేకున్నా ఆధార్ కేంద్రంలో వేలిముద్ర సాయంతో పొందవచ్చు. 1947 నంబరులో కూడా వివరాలు చెబుతారు. రేషన్ కార్డు, పింఛను, కుల ధ్రువీకరణ వివరాలు గ్రామ సచివాలయం కంప్యూటర్లో ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్ కాలితే డబ్బు కాలినట్టు కాదు, బ్యాంకుకు వెళితే కొత్తది ఇస్తారు. రిజిస్టరయిన ఇంటి దస్తావేజుకు ధ్రువీకరించిన నకలు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. దస్తావేజు నంబరు తెలియకపోతే ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే అందులో కనిపిస్తుంది. కాగితం కాలితే ఆస్తి పోతుందని భయపెట్టి, నకలు తెప్పిస్తానని వేలు గుంజే దళారులు ఇలాంటప్పుడే తయారవుతారు. వారిని గడప తొక్కనీయకూడదు.

పదో తరగతి మార్కుల జాబితాకు చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి, పోలీసు ఫిర్యాదు నకలు జత చేయాలి. రొళ్ల, అగళి, అమరాపురం వైపు చాలామంది శిరాలోనో పావగడలోనో ఎస్సెస్సెల్సీ చదివి ఉంటారు. వారి అర్జీ కర్ణాటక బోర్డుకు, అక్కడి బడి ద్వారానే పోవాలి. ఇక్కడి కార్యాలయాల చుట్టూ తిరిగితే నెలలు వృథా. సరిహద్దుకు అవతల పొలం ఉంటే దాని పహణి కూడా అక్కడి రెవెన్యూ రికార్డుల్లోనే దొరుకుతుంది.

ప్రశ్న: వక్క అమ్మిన డబ్బు ట్రంకుపెట్టెలో ఉండి మాడిపోయింది. బ్యాంకులో ఇస్తే తీసుకోం అన్నారు. (రొళ్ల)

జవాబు: బ్యాంకు శాఖ తీసుకోకపోవడం నిబంధన ప్రకారమే. చిరిగిన నోట్లు శాఖలో మారుస్తారు. బాగా కాలినవి, బొగ్గులా మారినవి, ఒకదానికొకటి అతుక్కుపోయినవి మాత్రం రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయంలోనే ప్రత్యేక పద్ధతిలో పరిశీలించాలి. రొళ్లకు హైదరాబాదు కన్నా బెంగళూరు కార్యాలయం దగ్గర. కట్టను విప్పకూడదు, నోట్లు విడదీయకూడదు, దులపకూడదు. పెట్టెలో ఎలా ఉన్నాయో అలాగే, వీలైతే ఆ పెట్టెతోనే, పాత గుడ్డలు కుక్కి కదలకుండా తీసుకుపోవాలి. పోలీసు ఫిర్యాదు, పంచనామా నకళ్లు వెంట ఉండాలి. మిగిలిన భాగాన్ని బట్టి ఎంత చెల్లించేదీ అక్కడ నిర్ణయిస్తారు.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్ పేలి ఇల్లు కాలితే కంపెనీ ఇస్తుందా? (హిందూపురం)

జవాబు: ప్రమాదానికి గ్యాసే కారణమైతే చమురు కంపెనీల బీమా వర్తిస్తుంది. కనెక్షన్ నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షలు, మరణానికి మనిషికి 6 లక్షలు. డీలరుకు వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి.

ప్రశ్న: ఇంటితో పాటు రెండు ఆవులు, కొన్ని మేకలు, పట్టుపురుగుల షెడ్డు పోయాయి. (మడకశిర ప్రాంతం)

జవాబు: పశువులను పూడ్చేముందు పశువైద్యుడు చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం లేకుంటే లెక్కలోకి రావు. పైన చెప్పిన రేట్ల కింద పాలిచ్చే ఆవుకో గేదెకో 37,500, మేకకో గొర్రెకో 4,000, కొట్టానికి 3,000 రూపాయలు. షెడ్డు, పురుగులు గూడు కట్టే చంద్రికల నష్టాన్ని పట్టు పరిశ్రమ శాఖ అధికారి చేత వేరుగా రాయించాలి. ధర్మవరం వైపు మగ్గం కాలినవారు చేనేత శాఖకు తెలపాలి. ఈ మొత్తాలు కొత్త షెడ్డుకు చాలవు. మల్బరీ తోట నిలిచి ఉంటే ఆకు వృథా కాకుండా, పక్క రైతు షెడ్డులో సగం చోటు ఒక పంట కాలానికి ఇప్పించడం ఏ నష్టపరిహారం కన్నా త్వరగా చేతికి డబ్బు తెస్తుంది.

ప్రశ్న: ఊళ్లో అందరం కలిసి సాయం చేయాలనుకుంటున్నాం. బియ్యం, చీరలు పోగయ్యాయి. ఇంకేమి ఇవ్వాలి? (రొళ్ల మండలం)

జవాబు: బియ్యం, చీరలు ఇక చాలు. ఇల్లు కాలిన ప్రతి కుటుంబానికీ జరిగేది ఒకటే. మొదటి వారం తినలేనంత అన్నం, కట్టలేనన్ని పాత చీరలు వచ్చి పడతాయి. మూడో నెలలో అడిగేవాడు ఉండడు. బిందె, స్టవ్వు, పరుపు, రెండు బకెట్లు, టార్చిలైటు, ప్లాస్టిక్ పట్టా, ఆడవాళ్లకు లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, ముసలివాళ్ల బీపీ, షుగరు మాత్రలు, కాలిపోయిన కళ్లద్దాలు: మొదటి రోజుల్లో నిజంగా కావలసినవి ఇవి. వీటిని అడగడానికి ఆ ఇంటి ఆడవారు సిగ్గుపడతారు కాబట్టి మరో ఆడమనిషే వెళ్లి కనుక్కోవాలి. చిరిగిన బట్టలు మూటగట్టి పంపడం సాయం కిందికి రాదు.

ఆ తరువాత ఇవ్వవలసింది డబ్బు. అది ఇంటావిడ బ్యాంకు ఖాతాలో పడాలి. ఫలానాదే కొనుక్కోవాలన్న షరతు ఉండకూడదు. సర్వం పోయిన కుటుంబానికి మిగిలిన ఒకే అధికారం ఏది ముందు కొనుక్కోవాలో నిర్ణయించుకోవడం. దాతలు దాన్ని కూడా లాక్కుంటే అది దయ అనిపించుకోదు. సాయం అందిస్తూ ఫొటోలు దిగి పదిమందికీ పంపడం మరీ అన్యాయం. రేపు ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు ఆ ఫొటోలే ముందుకొస్తాయి.

ఈ సీమలో దీనికి తగిన పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పెళ్లిలో ముయ్యి రాస్తారు. ఎవరు ఎంత పెట్టారో పుస్తకంలో ఎక్కుతుంది, వాళ్లింట శుభకార్యమైనప్పుడు తిరిగి పోతుంది. తీసుకున్నవారు తలవంచుకోరు, ఇచ్చినవారు మీసం తిప్పరు. కాలిన ఇంటి సాయాన్నీ అలాగే పుస్తకంలో రాయాలి. ఉచితమని చెప్పి ఇచ్చే పదివేల కన్నా, వీలైనప్పుడు తిరిగిస్తారని రాసుకుని ఇచ్చే అయిదువేలను ఆ కుటుంబం నిబ్బరంగా అందుకుంటుంది. ఇంకొక మాట. ఆ కుటుంబం ఇరవై ఏళ్లుగా ఊళ్లో పెట్టిన ముయ్యి ఎంతో ఉంటుంది. వాళ్ల పుస్తకం కాలి ఉండవచ్చు, తీసుకున్నవారి ఇళ్లలో పుస్తకాలు కాలలేదు. వాళ్లింట పెళ్లి వచ్చేదాకా ఆగకుండా, బాకీ ఉన్న ప్రతివారూ తమ పుస్తకం తీసి ఆ మొత్తం ఇప్పుడే చెల్లించాలి. అది దానం కూడా కాదు, వాళ్ల సొమ్మే.

పోగైన సాయాన్ని ఒకేసారి ఇవ్వకుండా ఆరు నెలలకు పంచాలి. ఒక్కో నెలకు ఒక్కో వీధి బాధ్యత తీసుకోవాలి. మొదటి నెల వంట సామాను, అద్దె, రెండో నెల బడి ఖర్చు, మూడో నెల నుంచి కట్టడం పని. పొదుపు సంఘంలో ఇంటావిడకు అప్పు ఉంటే కొన్ని కంతులు వెనక్కి జరిపేలా సంఘం సమావేశంలో తీర్మానించి బ్యాంకుతో మాట్లాడాలి. అది జరగకపోతే ఆమె నూటికి అయిదు వడ్డీకి తెచ్చి కంతు కడుతుంది, ఇల్లు మళ్లీ లేచే నాటికి అప్పు ఇంటికన్నా పెద్దదవుతుంది. కూలి సాయం కూడా ముయ్యి లాంటిదే. మేస్త్రికి అందించే చేతులు ఇంటికొకరు వస్తే గోడల ఖర్చు బాగా తగ్గుతుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పాప పొయ్యి చూసినా ఏడుస్తోంది, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. దిగదుడిచినా తగ్గలేదు. (పెనుకొండ)

జవాబు: మంట చూసిన పిల్లల్లో ఇది కొన్ని వారాలు ఉండటం మామూలే. మొండితనమని కొట్టకూడదు. పుస్తకాలు లేవని ఇంట్లో ఉంచకుండా వెంటనే బడికి పంపాలి. పుస్తకాలు, సంచి సంగతి హెడ్మాస్టరుతో పెద్దలు మాట్లాడుకోవాలి. రోజూ ఒకే వేళకు ఒకే చోట తల్లి పక్కన పడుకోనివ్వాలి. పాప అడిగితే జరిగింది దాచకుండా చెప్పాలి, అడగనప్పుడు గుర్తుచేయకూడదు. నెల దాటినా తగ్గకపోతే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. తండ్రి మౌనంగా తాగుడుకు మళ్లుతున్నా ఇదే నంబరు. ఆ సంగతి ఎవరూ రాయరు గాని, జరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: కాలిన చోట మళ్లీ కట్టుకోకూడదంటారు. (ధర్మవరం)

జవాబు: కట్టుకోవచ్చు. పట్టా ఉన్న స్థలాన్ని వదులుకుని అప్పు చేసి ఇంకో చోటు కొనడమే అనర్థం. శాంతి చేయించుకుంటే మనసు కుదుటపడుతుందనుకుంటే చేయించుకోవాలి. నిలిచిన గోడలను వాడుకోవచ్చో లేదో మాత్రం సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటుకు చూపించాలి. వైరింగు కొత్తగా వేయాలి, కాలిన తీగకు అతుకు పెట్టకూడదు. గడ్డివామి ఇంటికి దూరంగా ఉండాలి.

ప్రశ్న: పల్లెటూరి ఇంటికి బీమా ఉంటుందా? (హిందూపురం)

జవాబు: ఉంటుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష పేరుతో ఒకే తరహా పాలసీ అమల్లోకి వచ్చింది. ఇంటికి బీమా చేస్తే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, వస్తువుల జాబితా ఇవ్వకుండానే ఇంటి సామానుకూ వర్తిస్తుంది. తమ కట్టడానికి వర్తిస్తుందో లేదో ప్రీమియం కట్టేముందే అడిగి తెలుసుకోవాలి. ఇంటి కోసం బ్యాంకు అప్పు తీసుకున్నవారికి తెలియకుండానే బీమా ఉండి ఉండవచ్చు, అప్పు కాగితాల్లో వెతకాలి. కుటుంబంలో ఎవరైనా మంటల్లో చనిపోతే, వారి ఖాతాలో ఏటా 20 రూపాయలు కోత పడి ఉంటే, ప్రధానమంత్రి సురక్షా బీమా కింద 2 లక్షలు వస్తాయి. అందుకు ఆ ఖాతా ఉన్న బ్యాంకులోనే క్లెయిమ్ ఇవ్వాలి.