నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు

తిరుపతి

చి. స్రవంతికి, చి. కార్తీక్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

శని, ఆదివారాలు మాల్‌లో తిరిగి తిరిగి విసుగొచ్చింది, ఇక కొండలెక్కుదామనుకుంటున్నాం పెద్దమ్మా అని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మీ పెదనాన్నా నేనూ ఇదే మాట్లాడుకుంటున్నాం. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. కార్తీక్ చేత కూడా చదివించు. ఇందులో ఎక్కువ భాగం మీ ఇద్దరి మధ్య సంగతే.

మీ వయసులో కొండ ఎక్కలేకపోవడమనేది ఉండదు. ఇద్దరూ కలిసి ఎక్కడమే నేర్చుకోవాల్సింది. నువ్వు చిన్నప్పటి నుంచీ చురుకు, ఒక్కచోట నిలబడవు. అతనిది పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. మొదటి అరగంటలోనే నువ్వు కనుచూపు దూరం ముందుకు వెళ్ళిపోతావు. అక్కడ ఒక రాయి మీద కూర్చుని, నీళ్ళు తాగి, నాలుగు ఫొటోలు తీసుకుంటావు. అతను ఒగరుస్తూ వచ్చేసరికి లేచి 'పద' అంటావు. నీకు ఐదు నిమిషాల విశ్రాంతి దొరికింది. అసలు విశ్రాంతి కావాల్సిన మనిషికి అర నిమిషం కూడా దొరకలేదు. ఇలా మూడు నాలుగుసార్లు జరిగితే అలసట పక్కన పెట్టు, మనసు నొచ్చుకుంటుంది. పైకి ఏమీ అనడు. వచ్చే వారం మాత్రం ఆఫీసు పనుందంటాడు. జంటగా మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసినవాళ్ళను మా నడక బృందంలో చాలామందిని చూశాను. వాళ్ళలో కాళ్ళ నొప్పులకు మానేసినవాళ్ళు తక్కువ.

అందుకని కార్తీక్‌ను ముందు నడవనీ. అతని అడుగే మీ ఇద్దరి వేగం. నువ్వు వెనక ఉండు. నీకు మొదట్లో కాళ్ళకు సంకెళ్ళు వేసినట్టే ఉంటుంది, నాకు తెలుసు. ఆ తీరికలోనే చుట్టూ ఏముందో కనిపిస్తుంది: ఏ పొద మీద సీతాఫలాలు కళ్ళు విచ్చాయో, ఏ రాతి సందులో తొండ తల ఆడిస్తోందో. వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి గడియారాలూ యాప్‌లూ అక్కర్లేదు. నడుస్తూ మామూలుగా కబుర్లు చెప్పుకోగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించాలన్నమాట. అతనికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని చెప్పావు కదా, ముందు డాక్టర్‌ను ఒకసారి అడగండి. ఇన్‌హేలర్ సంచి అడుగున కాదు, చొక్కా జేబులో ఉండాలి. అది జేబులో ఉందని నీకూ తెలిసుండాలి.

రెండో ఒప్పందం ఇంట్లోనే చేసుకోండి. 'ఇక వెనక్కి పోదాం' అని ఇద్దరిలో ఎవరు అన్నా రెండోవాళ్ళు ఎందుకని అడగకూడదు. కారణాలు కారెక్కాక మాట్లాడుకోవచ్చు. 'ఇంకో పది నిమిషాలే, పైకొచ్చేశాం' అని బతిమాలడం మంచితనంగానే కనిపిస్తుంది, కానీ కాళ్ళు వణుకుతున్న మనిషిని నడిపించి కిందికి దింపలేకపోయిన సందర్భాలన్నీ ఆ పది నిమిషాల దగ్గరే మొదలవుతాయి. మనిషి మాటతో పాటు గడియారం మాట కూడా వినాలి. కొండ కింద నిలబడి, ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందే అనుకోండి. ఆ టైమైతే శిఖరం కళ్ళెదుట ఉన్నా సరే, తిరగాల్సిందే.

ఆ టైము లెక్క కట్టడానికి నేస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ఐదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దాని మీద ప్రతి ఆరువందల మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. నాలుగు కిలోమీటర్ల దారిలో మూడువందల మీటర్లు ఎక్కాలంటే గంటా ఇరవై నిమిషాలు. అది చలిదేశంలో అలవాటున్న మనిషి లెక్క. మన ఎండకూ మీ కొత్తదనానికీ ఇంకో సగం కలుపుకుని రెండు గంటలు అనుకోండి. దిగడానికి కూడా దాదాపు అంతే పెట్టుకోండి. మొదట్లో దిగడం త్వరగా అవుతుందని నమ్మొద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మొదటివారం వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్ళండి. మూసీ పుట్టేది అక్కడే, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, అడవి నీడ ఉంది, నిట్టనిలువు ఎక్కుడు లేదు. బూట్లు ఎక్కడ కొరుకుతున్నాయో, సంచి ఏ భుజాన్ని లాగుతోందో తెలుసుకోవడానికి ఆ మాత్రం నడక చాలు. ఆ తరువాత భువనగిరి. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. ఊరంతటికీ కనిపించే ఒకే ఒక్క బండ, దాని నెత్తిన చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మోసే కోట. పైదాకా మెట్లున్నాయి కదా అని చిన్నచూపు చూడకండి. 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ పొందింది ఆ బండ మీదే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పై వారాల్లో రాచకొండ. పద్మనాయకుల రాజధానిగా వెలిగిన చోటు. ఇప్పుడు ముళ్ళపొదల మధ్య రాతి ద్వారాలు, కూలిన గోడలు. దారులు చీలిపోతుంటాయి కాబట్టి అక్కడికి తెలిసినవాళ్ళతో వెళ్ళండి, ఫోన్‌లో మ్యాప్ ముందే దించుకోండి. అటవీశాఖ పరిధిలో ఉన్న చోటైతే అనుమతి అడిగి వెళ్ళండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో మీ అమ్మకు మెసేజ్ పెట్టండి. అత్యవసరానికి 112 అని ఇద్దరికీ గుర్తుండాలి.

కాలం సంగతి. దసరా నుంచి శివరాత్రి దాకా మన కొండలు మనుషులను రానిస్తాయి. ఆ తరువాత బండ కాలిన పెనం. గాలి చల్లబడ్డాక కూడా రాయి వేడి కక్కుతూనే ఉంటుంది. చలికాలంలో కూడా తెల్లవారగానే మొదలుపెట్టి పదింటికల్లా పైన ఉండండి. వానల్లో కొండలు పచ్చగా బాగుంటాయి, కానీ బండ మీద పైనుంచి కిందికి నల్లని చారలు కనిపిస్తాయి చూడు, అవి నీళ్ళు పారే దారులు. అక్కడ పట్టిన నాచు ఎండినప్పుడు గరుగ్గా ఉండి కాలిని పట్టుకుంటుంది. ఒక్క జల్లు పడితే చాలు, సబ్బు రాసిన గచ్చు అయిపోతుంది. తడిసిన నల్లచార మీద అడుగు వేయొద్దు. పక్కనున్న తెల్లరాయి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళండి.

బూట్లకు వేలకు వేలు పోయొద్దు. అడుగున లోతైన గాళ్ళున్నవి కావాలి, అరిగిపోయిన వాకింగ్ షూ పనికిరాదు. సాయంత్రం పూట వెళ్ళి కొనుక్కోండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, కొండ మీద ఉండేది ఆ పాదమే. కొత్తవాటిని రెండు వారాలు కూరగాయలకూ ఆఫీసుకూ తొడుక్కు తిరిగి, అప్పుడు కొండకు వేసుకోండి. కాటన్ మేజోళ్ళు చెమట పట్టి ముద్దయి బొబ్బలు తెప్పిస్తాయి, సింథటిక్‌వి గానీ ఉన్నివి గానీ తొడగండి. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగి ప్లాస్టర్ వేయాలి. బొబ్బ లేచాక వేస్తే లాభం లేదు.

నీళ్ళు మనిషికి కనీసం రెండు లీటర్లు, ఎండెక్కే రోజైతే మూడు. ఎవరి నీళ్ళు వాళ్ళ సంచిలోనే ఉండాలి. అతను బరువు మోస్తాడు, నేను ఖాళీ చేతులతో నడుస్తాను అన్న ఏర్పాటు పెట్టుకోవద్దు. ఏ మలుపులోనో విడిపోయారనుకో, ఒకరి దగ్గర నీళ్ళూ టార్చీ అన్నీ, రెండోవారి దగ్గర ఏమీ ఉండవు. విజిల్, టార్చ్, ఫోన్ ఇద్దరికీ వేరువేరుగా ఉండాలి. వట్టి నీళ్ళే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి, లేదా ఉప్పేసిన పల్చటి మజ్జిగ. తినడానికి పులిహోరను మించింది లేదు, తెల్లవారుజామున కలిపితే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. దారిలో నమలడానికి పల్లీచిక్కీ, ఖర్జూరాలు. తిన్న కాగితాలు, తొక్కలు తిరిగి సంచిలోకే.

స్రవంతీ, ఇది నీకు ప్రత్యేకంగా. బాత్రూమ్ ఉండదన్న భయంతో మన ఆడవాళ్ళు కొండకు వెళ్ళే రోజు నీళ్ళు మానేస్తారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, కాళ్ళు కొంకర్లు పోవడం, ఆ మర్నాడు మూత్రంలో మంట, వీటిలో చాలావాటికి మూలం అదే. నీళ్ళు మానొద్దు. దారికీ నీటి మడుగుకీ దూరంగా ఒక చాటు చూసుకో, ముందు కర్రతో పొదను తట్టు, కార్తీక్‌ను దారి దగ్గర నిలబెట్టు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నెలసరి రోజుల్లో వెళ్ళాలా వద్దా అన్నది నీ ఒంటిని బట్టి నీ ఇష్టం. వెళ్తే వాడినవి పెట్టుకోవడానికి జిప్ ఉన్న కవర్ ఒకటి తీసుకెళ్ళు. ఆ రోజు అలసటగా ఉంటే అతనికి నోరు తెరిచి చెప్పు.

పాములంటే అందరికీ భయం, తేనెటీగలను ఎవరూ పట్టించుకోరు. మన బండ కొండలకు చూరులా ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ళుంటాయి. వాటి కింద నల్లగా, అర్ధచంద్రాకారంలో వేలాడేవి పెద్ద తేనెపట్లు. అవి కనిపిస్తే గొంతు తగ్గించి, పొగా మంటా పెట్టకుండా దూరంగా వెళ్ళిపోండి. ఆ రోజు సెంటు రాసుకోకండి. లేచాయంటే చేతులు విసరకుండా మొహం కప్పుకుని పరుగెత్తడమే. పాము సంగతి రెండు ముక్కలు. చేయి పెట్టే చోటా కాలు పెట్టే చోటా ముందు చూడాలి. కరిస్తే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ చేయకుండా, కరిచిన కాలునో చేతినో కదలనీయకుండా మనిషిని ఆస్పత్రికి చేర్చాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. చీకటి పడేలోపు కిందికి రావడం ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే కొండల్లో ఇంకా ముఖ్యం. ఇక్కడ అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో ఒక చిన్నపాప చిరుతకు బలైంది. అంతమంది నడిచే దారిలోనే అది జరిగింది.

దిగడం గురించి కొత్తవాళ్ళకు ఎవరూ సరిగ్గా చెప్పరు. ఎక్కేటప్పుడు గుండే ఊపిరీ పనిచేస్తాయి, దిగేటప్పుడు మోకాళ్ళూ తొడలూ. తొడ కండరం సాగుతూ బరువును ఆపాల్సి వస్తుంది కనుకే రెండోరోజు మెట్లు దిగుతుంటే ప్రాణం పోతుంది. జారిపడటాలు కూడా ఎక్కువగా ఈ సగంలోనే. పైన కూర్చున్నప్పుడు బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకోండి: మడమను నేలకు తట్టి వెనక్కి జరిపి, వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగించి. అప్పుడు పాదం ముందుకు జారదు, బొటనవేలి గోరు బూటుకు కొట్టుకుని నల్లబడదు. గోళ్ళు ముందురోజే తీసుకోండి. దిగేటప్పుడు అడుగు చిన్నది, మోకాలు కాస్త వంచి, చేతిలో కర్ర. ఇక్కడ కూడా నెమ్మదైనవాళ్ళే ముందు. ఒక్కోసారి మనుషులు తారుమారవుతారు. ఎక్కేటప్పుడు ఉరికిన నువ్వే దిగేటప్పుడు బెదరవచ్చు. అప్పుడు ముందు నడవాల్సింది నువ్వు.

వచ్చే డిసెంబరుకు హిమాలయాల్లో కేదార్‌కంఠ శిఖరం ఎక్కుతామన్నావు. వెళ్ళండి, మంచు చూడండి. కానీ అది పన్నెండున్నర వేల అడుగులు. ఎనిమిది వేల అడుగులు దాటాక గాలి పల్చబడి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలుకావచ్చు. దానికి అనంతగిరీ భువనగిరీ తయారుచేయలేవు, ఎంత కండబలం ఉన్నా వస్తుంది. అది ముదిరితే కిందికి దిగడమే మందు. అక్కడ పక్కమనిషి సరదా పాడుచేయకూడదని తలనొప్పి దాచుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. కార్తీక్ మనసులో మాట దాచుకునే రకమని నువ్వే ఒకసారి అన్నావు. 'నాకు బాగోలేదు, దిగుదాం' అని అతను జంకు లేకుండా అనగలగాలి, నువ్వు మొహం చిన్నబుచ్చుకోకుండా సంచి భుజానికెత్తుకోగలగాలి. ఈ ఏడాది చిన్న గుట్టల మీద మీరు అలవాటు చేసుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. అది కుదిరిందని మీకు నమ్మకం కలిగాకే మంచుకొండకు డబ్బు కట్టండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు శ్రీవారి మెట్టు మీదుగా తిరుమల వెళ్దాం. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారికన్నా బాగా పొట్టి, కానీ ఏటవాలు ఎక్కువ. పొద్దున్నే బయల్దేరదాం. మీ పెదనాన్న మోకాళ్ళు ఈమధ్య మొరాయిస్తున్నాయి కాబట్టి ముందు నడిచేది ఆయన.

ఇట్లు,
మీ పెద్దమ్మ