చేపకు మందు వేసే ముందు ఒక పరీక్ష

ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న మిత్రులూ, కైకలూరు, భీమవరం వైపు చెరువులున్న బంధువులూ తరచు అడిగే ప్రశ్న ఒకటే: "చేపల ఒంటిమీద ఎర్ర మచ్చలు వచ్చాయి, ఏ యాంటీబయాటిక్ వాడాలి?" పరీక్ష చేయకుండా దీనికి జవాబు చెప్పడమంటే, లాగ్ ఫైలు చూడకుండా ప్రోగ్రాములో తప్పు వెతకడమే. ఆ పరీక్ష ఎలా చేస్తారో ఈసారి తెలుసుకుందాం.

నమూనా: ఎర్ర మచ్చలన్నిటికీ బాక్టీరియానే కారణం కాదు. చేప పేను కుట్టినా వస్తాయి; దానికి యాంటీబయాటిక్ దండగ. చచ్చి తేలిన చేప పరీక్షకు అంతగా పనికిరాదు, కుళ్ళబెట్టే క్రిములు అసలు క్రిమిని కప్పేస్తాయి. జబ్బుపడి ఇంకా ప్రాణంతో ఉన్న చేప మూత్రపిండం నుంచి నమూనా తీసి, క్రిమిని విడిగా పెంచుతారు. మంచినీటి చేపల్లో తరచు దొరికేది ఏరోమోనాస్ హైడ్రోఫిలా.

డిస్కు పరీక్ష: 1966లో బావర్, కిర్బీ తదితరులు ప్రచురించిన పద్ధతి ఇది. ముల్లర్-హింటన్ అగార్ పోసిన పళ్ళెం మీద క్రిమిని సమంగా పూసి, ఒక్కో మందు తడిపిన 6 మి.మీ. కాగితపు బిళ్ళలు పెడతారు. మనుషుల క్రిములకు 35 డిగ్రీల వేడి వాడతారు. చేపల క్రిములను చాలావరకు 28 డిగ్రీల వద్ద 24-28 గంటలు, లేదా 22 డిగ్రీల వద్ద 44-48 గంటలు ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయం కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పెద్ద వలయం వచ్చిన మందే గొప్పది అనుకోకూడదు. ఒక్కో మందు అగార్‌లో ఒక్కోలా పాకుతుంది కాబట్టి, ప్రతి వలయాన్నీ ఆ మందుకు నిర్ణయించిన కొలతతోనే పోల్చాలి.

ఇంకా కచ్చితంగా కావాలంటే మందును 16, 8, 4, 2, 1 ఇలా సగం సగం పలచన చేస్తూ, క్రిమిని ఆపగల అతి తక్కువ మోతాదు కనుక్కుంటారు. మన కంప్యూటర్ వాళ్ళకు బాగా తెలిసిన 2 ఘాతాలే ఇవి!

పళ్ళెంలో గెలిచిన మందు చెరువులోనూ గెలవాలని లేదు. ఆక్సీటెట్రాసైక్లిన్ నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి బలం కోల్పోతుంది. మేతలో కలిపి పెడదామంటే, జబ్బు ముదిరిన చేప మేత ముట్టదు. అందుకే చేపలు మేత తగ్గించిన రోజే నమూనా పంపాలి. అమెరికాలో 2005లో క్యాట్‌ఫిష్‌కు అనుమతి పొందిన ఫ్లోర్‌ఫెనికాల్‌ను కిలో చేపకు రోజుకు 10-15 మిల్లీగ్రాముల చొప్పున, పశువైద్యుని ఆదేశంతో, 10 రోజులు మేతలో ఇస్తారు. అంటే టన్ను చేపలకు రోజుకు 10-15 గ్రాములు.

ఊహించి వేసిన మందుతో పోయేది డబ్బు మాత్రమే కాదు. మందుకు లొంగని క్రిములు మిగిలి, ఆ లొంగని గుణాన్ని ఇతర బాక్టీరియాకూ అందిస్తాయి. రేపు అవి మన ఒంట్లోకి వస్తే, మన మందులూ పనిచేయకపోవచ్చు. రెండు రోజులు పట్టే పరీక్ష దానికంటే చవకే కదా!