ఆరుబయట పొయ్యి – మన జాగ్రత్త

పత్తికొండ వైపు పల్లెల్లో చాలా ఇళ్ళ ముందర పొయ్యి ఉంటుంది. మూడు రాళ్ళు పెడితే చాలు, పొయ్యి తయారు. ఇప్పుడు గ్యాసు వచ్చింది. అయినా నీళ్ళు కాగబెట్టేది, జొన్నరొట్టెలు కాల్చేది చాలామంది బయటి పొయ్యి మీదే. పచ్చి బుడ్డలు, జొన్న కంకులు నిప్పుల్లో కాల్చుకుంటే ఆ రుచే వేరు.

నిప్పు మన పని చేసి పెడుతుంది. ఏమరుపాటుగా ఉంటే మనల్నే కాలుస్తుంది. అందుకే కొన్ని సంగతులు తెలుసుకుందాం.

పొయ్యి ఎక్కడ పెట్టాలి?

గడ్డివామికి, కట్టెల మోపుకు, బోద కొట్టానికి దూరంగా పెట్టాలి. కరెంటు తీగల కింద పెట్టకూడదు. ఆషాఢంలో గాలి ఎక్కువ. ఒక్క నిప్పురవ్వ ఎగిరినా వామి అంటుకుంటుంది. గాలి జోరుగా ఉన్న రోజు బయట పొయ్యి వెలిగించకపోవడమే మేలు.

పొయ్యికి ఎండిన రాళ్ళే వాడాలి. తడి రాయి వేడికి పగలవచ్చు. పెంకులు ఎగిరి కంట్లో పడవచ్చు.

ఎలా కూర్చోవాలి?

గాలికి ఎదురుగా కూర్చుంటే పొగ, రవ్వలు మన మీదికే వస్తాయి. గాలి వీపు వైపు ఉంటే కొంగు మంటలోకి ఎగురుతుంది. కాబట్టి గాలికి పక్కగా కూర్చోవాలి. కొంగు నడుముకు చెక్కుకోవాలి. నైలాను చీర మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పొయ్యి దగ్గర నూలు చీర మంచిది. నూలు చీర కూడా అంటుకుంటుంది. కొంగు జాగ్రత్త ఎప్పుడూ ఉండాలి.

పత్తికట్టె, కందికట్టె తొందరగా మండుతాయి. పొడుగు కట్టె పెడితే మంట పాకుతూ పొయ్యి బయటికి వస్తుంది. అందుకే చిన్నగా విరిచి పెట్టాలి.

మంట అంటుకోలేదని కొందరు కిరసనాయిలు పోస్తారు. కొందరు బండిలోని పెట్రోలు పోస్తారు. ఇది చాలా ప్రమాదం. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు. అగ్గిపుల్ల గీసేసరికి భగ్గున లేస్తుంది. ఎండు ఆకులు, కొబ్బరి పీచు పెట్టి వెలిగించుకోవాలి.

పని అయిపోయిన తరువాత

పైన బూడిద చల్లగా కనిపిస్తుంది. లోపల నిప్పు ఉంటుంది. పిల్లలు తెలియక కాలు పెడతారు. అందుకే నీళ్ళు చల్లాలి. కట్టెతో కలిపి మళ్ళీ చల్లాలి. వేడి బూడిదను దిబ్బలో పోయకూడదు.

చలికాలంలో కొందరు నిప్పుల కుంపటిని ఇంట్లో పెట్టుకుని, తలుపులు మూసి పడుకుంటారు. బొగ్గుల నుంచి విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కుంపటి బయటే ఉండాలి.

ఒళ్ళు కాలితే?

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. మూడేళ్ళ పాప ఆడుకుంటూ వచ్చి కాలే పెనం పట్టుకుంది. గట్టిగా ఏడ్చింది.

“ఇంకు పూయండి, లేకుంటే పేస్టు పూయండి” అంది అత్త.

“వద్దత్తా, అవి పూస్తే పుండు చెడుతుంది. ముందు నీళ్ళు పోద్దాం” అంది కోడలు.

“తాగే నీళ్ళకే కరువు కదే!”

“బేసిను పెట్టి పోద్దాం అత్తా. ఆ నీళ్ళనే చెంబుతో ముంచి మళ్ళీ పోద్దాం. పాప చెయ్యి కన్నా నీళ్ళు ఎక్కువా?”

కోడలు చెప్పిందే సరి. కాలిన చోట 20 నిమిషాలు చల్లని మంచినీళ్ళు పోస్తూ ఉండాలి. మంట లోపలికి దిగకుండా నీళ్ళు ఆపుతాయి. ఐసుగడ్డ పెట్టకూడదు. చెయ్యి వాయకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. బొబ్బలు చిదమకూడదు. ఒంటికి అతుక్కున్న బట్ట లాగకూడదు. తరువాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి.

ముఖం, చేతులు, కీళ్ళు కాలినా, అరచెయ్యి కన్నా ఎక్కువ మేర కాలినా, చిన్నపిల్లలకు కాలినా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. డబ్బు ఇవ్వనక్కరలేదు. ఈ సేవ మన రాష్ట్రంలో 2005లో మొదలయింది. ఇల్లు, వామి అంటుకుంటే 101కి ఫోను చెయ్యాలి.

చీర అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే గాలికి మంట పెరుగుతుంది. వెంటనే నేల మీద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్ళు కంబళి కప్పాలి, నీళ్ళు పోయాలి.

పొయ్యి వెలిగించే ముందే పక్కన ఒక బిందె నీళ్ళు పెట్టుకోండి. అగ్గిపెట్టె తరువాత. నీళ్ళ బిందె ముందు.

మాట్లాడుకోండి

1. మీ ఇంటి పొయ్యికి గడ్డివామి ఎంత దూరంలో ఉంది?
2. కాలిన చోట మీ ఊళ్ళో ఏమేమి పూస్తారు? అది మంచిదేనా?
3. 108, 101 – ఈ అంకెలు మీ ఇంటి గోడ మీద సుద్దముక్కతో రాయండి. పిల్లలతో చదివించండి.