గడ్డివాము తనంతట తానే ఎందుకు అంటుకుంటుంది?

నోవై నగరం ఒకప్పుడు సేద్యపు సీమ. అచ్చటి టోల్‌గేట్ ఫార్మ్‌లో పాతకాలపు కొట్టాలు ఉండేవి. ఇటువంటి కట్టడాలకు పిడుగు, దీపం, విద్యుత్తీగలతో పాటు మరొక శత్రువు కూడా కలదు. అది లోపల దాచిన తడిగడ్డి.

కోసిన గడ్డి వెంటనే చావదు. దాని కణాలు కొంతకాలం శ్వాసిస్తూనే ఉంటాయి. తేమ నూటికి 20 పాళ్లు మించితే సూక్ష్మజీవులు విజృంభించి వేడిని పుట్టిస్తాయి. గడ్డి వేడిని తేలికగా బయటకు పోనీయదు గనుక అది వాము నడుమనే నిలుస్తుంది. సుమారు 160 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. అయితే అప్పటికే మొదలైన ఆక్సీకరణం ఉష్ణోగ్రతను ఇంకా పెంచుతుంది. ఈ ప్రమాదం ప్రాయికంగా గడ్డి పేర్చిన తొలి ఆరు వారాలలో సంభవిస్తుంది.

వాము నుండి ఆవిరి లేచినా, మాడిన బెల్లపు వాసన వచ్చినా జాగ్రత్తపడాలి. పొడవైన ఉష్ణమాపకపు కడ్డీని లోపలికి దించి చూడాలి. 150 డిగ్రీలుంటే ప్రతిదినం పరీక్షించాలి. 175 చేరితే అగ్నిమాపక దళాన్ని పిలవాలి. వారు రాకముందు వామును విప్పరాదు. గాలి సోకగానే మంట లేస్తుంది. వాముపై నడవనూ రాదు. లోపల కాలి గుల్లయిన చోట మనిషి కూరుకుపోగలడు.

మన పల్లెల్లో వరిగడ్డిని బాగా ఎండనిచ్చిన పిమ్మటనే వాము వేస్తారు. పెద్దల ఆ నియమంలోని శాస్త్రం ఇదే.