కువైట్‌లో దుమ్ము తుఫాను వెళ్లాక ఇంటి గాలి సంగతి

కడప, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి కువైట్ బయల్దేరేవాళ్లకు ఇక్కడి ఎండ గురించి ఎవరో ఒకరు ముందే చెప్పి పంపుతారు. దుమ్ము సంగతి మాత్రం చాలామందికి వచ్చాకే తెలుస్తుంది. మార్చి నుంచి మే దాకా ఉరుములతో ఉన్నట్టుండి వచ్చిపడే ‘సరాయత్’ గాలివానలు, జూన్, జూలైలలో దక్షిణ ఇరాక్ మైదానాల మీదుగా వీచే వాయవ్యపు గాలి ‘షమాల్’, రెండూ దుమ్మును మోసుకొస్తాయి. 2022 మే నెలలో ఈ దుమ్ము వల్ల విమానాల రాకపోకలనే ఆపాల్సి వచ్చింది.

ఆకాశం కాస్త తేటపడగానే గండం గడిచిందనుకోకండి. ఇంట్లో చేరిన ధూళిలో లావు రేణువులు కొద్ది నిమిషాల్లోనే కిందికి దిగుతాయి. ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్న రేణువులు గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. దిగినదాన్ని మళ్లీ లేపకుండా తీసెయ్యాలి, తేలేదాన్ని వడకట్టాలి. మిగతా జాగ్రత్తలన్నీ ఈ రెండింటి కోసమే.

కిటికీలు ఎప్పుడు తెరవాలి

ఫోన్‌లో గాలి నాణ్యత చూపే యాప్ ఒకటి పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 24 గంటల హద్దు ప్రకారం, ఘనపు మీటరు గాలిలో పీఎం 10 రేణువులు 45 మైక్రోగ్రాములు, పీఎం 2.5 రేణువులు 15 మైక్రోగ్రాములు మించకూడదు. కువైట్‌లో మామూలు రోజుల్లోనే తరచూ ఈ హద్దు దాటుతుంది. అందుకే తుఫానుకు ముందు ఎంత ఉండేదో గుర్తుపెట్టుకుని, అంకె మళ్లీ అక్కడికి దిగాకే కిటికీలు కాసేపు తెరవండి.

అందాకా ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయొద్దు. అవి లోపలి గాలిని బయటికి తోసినకొద్దీ, తలుపు సందుల్లోంచి బయటి గాలి దుమ్ముతో సహా లోపలికి వస్తుంది. ఫ్యాన్ వేయలేం కాబట్టి ఆ పూటకు వేపుళ్లు, పోపులు మానేసి అన్నం, పెరుగుతో సరిపెట్టుకోండి. అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా వద్దు. విండో ఏసీకి బయటి గాలి తీసుకునే మీట ఉంటే మూసెయ్యండి.

తుడిచే పద్ధతి

చీపురు పట్టుకోవద్దు. ఊడ్చినకొద్దీ దిగిన ధూళంతా మళ్లీ లేస్తుంది. మాస్క్ పెట్టుకుని, తడిగుడ్డతో పైనుంచి కిందికి రండి: ముందు అల్మరా పైభాగం, తర్వాత బల్లలు, మంచాలు, చివరికి నేల. గుడ్డను మాటిమాటికీ జాడిస్తూ నీళ్లు మార్చండి. దుప్పట్లు, దిండు గలీబులు గదిలో దులపకుండా మెల్లగా మడిచి ఉతకడానికి వేయండి.

అందరూ మరిచిపోయేది అల్యూమినియం కిటికీ జారే గాడి. అందులో దుమ్ము శనగపిండిలా మెత్తగా పేరుకుని, కిటికీ జరిపినప్పుడల్లా గదిలోకి లేస్తుంది. స్పూను కాడకు తడిగుడ్డ చుట్టి, గాడి ఒక కొస నుంచి రెండో కొస దాకా లాగండి. గుడ్డ మడత మార్చి, మరక అంటకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ లాగండి.

ఏసీ, ప్యూరిఫయర్

ఏసీ ఆపి, ఫిల్టర్‌ను నెమ్మదిగా జార్చి తీసి, తడిగుడ్డ కప్పి బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. దుమ్ము పట్టని వైపు నుంచి నీళ్లు పోస్తే మురికి బయటికి వచ్చేస్తుంది. నీడన పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి, తడిగా పెడితే బూజు పడుతుంది. సెంట్రల్ ఏసీ ఉన్న ఫ్లాట్ అయితే ఫిల్టర్ ఎక్కడుందో, ఎవరు కడుగుతారో బిల్డింగ్ హారిస్‌ని (కాపలాదారుని) అడగండి. పైన నీళ్ల ట్యాంకు మూత సరిగ్గా ఉందో లేదో కూడా చూడమనండి.

ప్యూరిఫయర్ కొంటే హెపా ఫిల్టర్ ఉన్నది తీసుకోండి, ఓజోన్ వదిలేది వద్దు. 12 అడుగులకు 12 అడుగుల గదికి గంటకు సుమారు 170 ఘనపు మీటర్ల గాలి శుభ్రం చేసేది కావాలి. ఒక్కటే ఉంటే పడకగదిలో పెట్టి తలుపు మూయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్లు ఆ గదిలోనే ఉండాలి.

తుడిచేవాళ్ల ఊపిరి

తుఫాను మర్నాడు ఇంట్లో అందరికంటే ఎక్కువ దుమ్ము పీల్చేది తుడిచేవాళ్లే. కువైటీల ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు గచ్చు, మేడమెట్లు, కార్లు అన్నీ ఆ ఒక్కరోజే కడగాల్సి వస్తుంది. అమ్మా, మొహమాటపడకుండా మేడమ్‌ని ఎన్95 మాస్క్ అడగండి. ముక్కుకు చున్నీ చుట్టుకుంటే సన్న ధూళి ఆగదు. ముందు నీళ్లు చిలకరించి, ఆ తర్వాతే తుడవండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే సివిల్ ఐడీ తీసుకుని మీ ఏరియా క్లినిక్‌కి వెళ్లండి. ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా 112కి ఫోన్ చేయండి, లేదా ఇంట్లో ఎవరిచేతనైనా చేయించండి.