శూన్యమెంత? ఎక్కడ?

కణజాలపు పలుచని పొరలో ఏ అణువు ఎక్కడ ఉన్నదో పటంగా చూపే విధానమే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్. లేజర్ ఆధారిత పద్ధతిని 1997లో అమెరికాలో రిచర్డ్ కాప్రియోలీ బృందం ప్రకటించింది. లేజర్ కిరణం పొరను బిందువు వెంట బిందువుగా తాకగా, వెలువడిన అయాన్లను యంత్రం ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తిని బట్టి వేరుచేస్తుంది. ఒక్కొక్క అయానుకు ఒక్కొక్క పటం సిద్ధమవుతుంది.

ఈ పటాలలో అనేకం దాదాపు ఖాళీగా ఉంటాయి. ఈ లక్షణమే విరళత. సున్నాలను లెక్కించడం దానిని కొలిచే సులభమార్గం. 10,000 బిందువుల పటంలో ఒక అయాను 400 చోట్ల మాత్రమే కనిపిస్తే విరళత 96 శాతం. ఆదాయ అసమానతను కొలిచే జీని గుణకాన్ని కూడా ఇందుకు వాడవచ్చు. ఆ 400 సంకేతాలూ సమానమైతే దాని విలువ కూడా 0.96.

అయితే ఆ బిందువుల అమరికను ఈ రెండు కొలతలూ చెప్పవు. గుప్పెడు పిండిని ఓర్పుతో వేస్తే ముగ్గవుతుంది. అదే పిండి గాలికి చెదిరితే ఏ రూపమూ ఉండదు. అట్లే, బిందువులు ఒకచోట గుమిగూడితే అది చిన్న కణసమూహం కావచ్చు. చెల్లాచెదరైతే బహుశా యంత్రపు రొద. విరళత అధికమన్న ఒక్క కారణంతో పటాన్ని తొలగిస్తే, కంతి అంచున దాగిన కొద్దిపాటి క్యాన్సర్ కణాల జాడ సైతం జారిపోగలదు.

పైగా, సున్నా అంటే అణువు లేదని కాదు. యంత్రం గుర్తించగల కనీస పరిమాణం కంటె తక్కువగా ఉండవచ్చు. కనుక విరళతతోపాటు ఆ కనీస హద్దునూ, పొరుగు బిందువుల పొందికనూ పేర్కొన్నప్పుడే ఆ సంఖ్యకు అర్థం.